ఏపుగా పెరిగినా గెల నిలవని పామాయిల్ చెట్టు.. అసలు గుట్టు ఆ గింజ పెంకులోనే!

సత్తుపల్లి పేరు చెప్పగానే చాలామందికి బొగ్గు గనులు గుర్తొస్తాయి. కానీ ఊరు దాటి వేంసూరు వైపు వెళ్లినా, దమ్మపేట, అశ్వారావుపేట దారి పట్టినా కళ్ల ముందు కనిపించేవి పామాయిల్ తోటలే. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దులోని ఈ ప్రాంతం తెలంగాణలో ఆయిల్ పామ్ సాగుకు గుండెకాయ లాంటిది. ఇక్కడి గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేటల్లోని ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలకు చేరుతాయి.

ఈ పంటలో ఒక చిక్కుంది. వరి విత్తనం తేడా కొడితే నష్టం ఒక్క సీజన్‌తో పోతుంది. పామాయిల్ మొక్క అలా కాదు. నాటిన తర్వాత మూడు, మూడున్నరేళ్లకు గానీ కోత మొదలవదు. ఒకసారి నాటితే 25 నుంచి 30 ఏళ్ల వరకు అదే చెట్టు. అందుకే పక్క చెట్టు గెలలతో నిండి ఉండి, మన చెట్టు మాత్రం మట్టలతో పచ్చగా కళకళలాడుతూ ఒక్క గెలా నిలబెట్టకపోతే రైతు గుండె ఆగినంత పనవుతుంది. ఆఫ్‌టైప్ మొక్కలు వచ్చాయంటూ అశ్వారావుపేట ప్రాంత రైతులు ఆందోళనకు దిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంతకీ చెట్టు ఎందుకు కాయదు? తప్పు మొక్కదా, నీళ్లదా, లేక ఇంకేదైనా ఉందా? సైన్స్ ఏం చెబుతోందో చూద్దాం.

ఒకే జాతి.. మూడు రకాల కాయలు

ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో ఇండోనేసియాలోని బోగోర్ బొటానికల్ గార్డెన్‌లో నాటిన నాలుగు మొక్కల సంతతే తర్వాత ఆగ్నేయాసియా తోటల్లో విస్తరించింది. ఈ చెట్టు కాయను కత్తితో అడ్డంగా కోస్తే పైన నారింజ రంగు గుజ్జు, దాని లోపల గట్టి పెంకు, పెంకు లోపల తెల్లటి పప్పు కనిపిస్తాయి. మనం వంటకు వాడే పామాయిల్ వచ్చేది ఆ గుజ్జు నుంచి. పప్పు నుంచి వచ్చే నూనె వేరు. దాన్ని ఎక్కువగా సబ్బులు, సౌందర్య సాధనాలు, మిఠాయిల తయారీలో వాడతారు.

పెంకు మందాన్ని బట్టి ఆయిల్ పామ్‌ను మూడు రకాలుగా చూస్తారు.

డ్యూరా: పెంకు మందంగా ఉంటుంది. కాయలో ఎక్కువ చోటు పెంకుకే పోతుంది కాబట్టి గుజ్జు తక్కువ.

పిసిఫెరా: పెంకే ఉండదు. వినడానికి ఇదే మంచి రకంలా అనిపిస్తుంది. కానీ ఈ రకం చెట్లలో చాలావాటికి ఆడ పూలు వచ్చినా కాయ నిలవదు. గెల మధ్యలోనే కుళ్లిపోతుంది.

టెనెరా: పెంకు పలుచగా ఉంటుంది, గుజ్జు ఎక్కువ. పెంకు చుట్టూ గుజ్జులో నల్లటి పీచు చుక్కలు వలయంలా కనిపిస్తాయి. రైతు తోటలో ఉండాల్సింది ఈ రకమే. ఒకే బరువున్న గెలలను పోల్చితే డ్యూరా కంటే టెనెరా నుంచి సుమారు 30 శాతం ఎక్కువ నూనె వస్తుంది.

తల్లి డ్యూరా.. తండ్రి పిసిఫెరా

ఈ మూడు రకాల మధ్య బంధుత్వం ఏంటన్నది 1941 వరకు స్పష్టంగా తెలియదు. అప్పటి బెల్జియన్ కాంగోలో పనిచేసిన బేర్నార్ట్, వాండర్‌వేయెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. టెనెరా అసలు విడి రకమే కాదు, డ్యూరా, పిసిఫెరాల సంకరం అని చెప్పారు.

లెక్క సులువే. ప్రతి చెట్టుకూ పెంకును నిర్ణయించే జన్యువు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. డ్యూరాలో రెండూ ‘మందపు పెంకు’ ప్రతులే. పిసిఫెరాలో రెండూ ‘పెంకు లేని’ ప్రతులే. డ్యూరా చెట్టు ఆడ పూలకు పిసిఫెరా పుప్పొడి చల్లితే పుట్టే ప్రతి మొక్కకూ చెరొకటి వస్తుంది. అంటే నూటికి నూరు టెనెరాలే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. బాగా కాసే టెనెరా తోటలో చెట్ల కింద రాలిన గింజలు మొలకెత్తుతుంటాయి. ‘తల్లి చెట్టు బాగుంది కదా, పిల్లా బాగుంటుంది’ అనుకుని వాటినే తీసి నాటితే ఏమవుతుంది? టెనెరాకు టెనెరాతో పరాగ సంపర్కం జరిగితే పుట్టే మొక్కల్లో సగటున నాలుగో వంతు డ్యూరాలు, నాలుగో వంతు పిసిఫెరాలు, మిగతా సగమే టెనెరాలు. ఎకరానికి 57 మొక్కలు నాటితే అందులో దాదాపు 14 కాయ నిలవని చెట్లు, మరో 14 నూనె తక్కువ ఇచ్చే చెట్లు అన్నమాట. 28, 29 చెట్ల పంట కోసం 57 చెట్లకు ఎరువు, నీళ్లు, కూలి ఖర్చు పెట్టాలి. అందుకే రాలిన గింజతో తోట వేయొద్దని ఉద్యాన శాఖ అధికారులు పదే పదే చెప్పేది.

ఏపుగా ఉన్న చెట్టే ఎందుకు మోసం చేస్తుంది?

‘బలహీనంగా ఉన్న మొక్కను నర్సరీలోనే ఏరేయొచ్చు కదా’ అన్న సందేహం రావొచ్చు. నిజమే, అలాగే చేస్తారు కూడా. నర్సరీలో మొక్కను దాదాపు ఏడాది పాటు పెంచుతారు. ఆకులు మరీ నిటారుగా లేచినవి, గిడసబారినవి, ఆకు సన్నగా వచ్చినవి, వాలిపోయినవి తీసేస్తారు. వీటినే ఆఫ్‌టైప్ మొక్కలు అంటారు. మంచి నర్సరీలో ఈ ఏరివేత కచ్చితంగా జరగాలి.

కానీ కాయ పెంకు ఎలా ఉంటుందో ఆకు చూసి చెప్పలేం. పైగా కాయ నిలవని పిసిఫెరా చెట్టు మిగతా వాటికంటే ఏపుగా, బలంగా పెరుగుతుంది. కాయలకు, నూనెకు ఖర్చు కావాల్సిన శక్తి అంతా మట్టలకు, మొదలుకు పోతుంది కాబట్టే ఈ జోరు. రైతు కంటికి అదే తోటలో బెస్ట్ చెట్టులా కనిపిస్తుంది. అసలు సంగతి తేలేది నాలుగో ఏడాదిలోనే.

ఈ నాలుగేళ్ల నిరీక్షణకు 2013లో ఒక జవాబు దొరికింది. మలేసియన్ పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు, అమెరికా పరిశోధకులతో కలిసి ఆయిల్ పామ్ జన్యుపటాన్ని చదివి, పెంకు మందాన్ని నిర్ణయించే జన్యువును కనిపెట్టారు. ఆ వివరాలు ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. దీంతో నర్సరీ దశలోనే చిన్న ఆకు ముక్కతో డీఎన్ఏ పరీక్ష చేసి, ఆ మొక్క డ్యూరానా, టెనెరానా, పిసిఫెరానా అన్నది చెప్పే వీలు కలిగింది.

సోంపు వాసన.. ముక్కు పురుగు.. ఒక చిన్న మోసం

సరే, మొక్క అసలైన టెనెరాయే అనుకుందాం. అయినా గెల నిండకపోవచ్చు. దానికి కారణం తెలియాలంటే బియ్యపు గింజ కంటే చిన్నదైన ఒక పురుగు గురించి తెలుసుకోవాలి.

ఆయిల్ పామ్‌లో ఆడ పూలు, మగ పూలు ఒకే చెట్టుకు వస్తాయి. కానీ ఒకేసారి రావు. కొన్ని నెలలు వరసగా ఆడ గెలలు, తర్వాత కొన్ని నెలలు మగ గెలలు వేస్తుంది. అందువల్ల ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు చేరాలి. చాలా కాలం పాటు ఈ పని గాలే చేస్తుందని అనుకున్నారు. మలేసియా తోటల్లో కాయ సరిగా నిండక, కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవారు.

కామెరూన్‌లో పనిచేసి మలేసియాకు వచ్చిన లెస్లీ డేవిడ్సన్ అనే తోటల అధికారికి మాత్రం అనుమానం వచ్చింది. ఆఫ్రికాలో పూలపై ముసిరే చిన్న పురుగులు ఇక్కడ కనిపించడం లేదెందుకని! ఆ అనుమానంతో పాకిస్థాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్‌తో పరిశోధన చేయించారు. పరాగ సంపర్కంలో అసలు పనిమంతురాలు ఎలైడోబియస్ కామెరూనికస్ అనే ముక్కు పురుగు అని తేలింది. 1981లో దాన్ని కామెరూన్ నుంచి తెచ్చి మలేసియా తోటల్లో వదిలారు. కాయ కట్టడం బాగా పెరిగి, చేత్తో పుప్పొడి చల్లే పని చాలా తోటల్లో ఆగిపోయింది.

భారత్‌లో ఈ పురుగును 1985లో కేరళలోని పాలోడులో మొదట వదిలారు. తర్వాత తెలుగు నేల మీది తోటలకూ చేరింది. ఇప్పుడు సత్తుపల్లి తోటల్లో గెల నిండుతోందంటే ఆ పుణ్యం చాలావరకు దీనిదే.

ఈ పురుగు పనిచేసే తీరు ఆసక్తిగా ఉంటుంది. మగ పూలు విచ్చుకున్నప్పుడు సోంపు లాంటి వాసన వస్తుంది. ఆ వాసనకు పురుగులు వచ్చి మగ పూలను తింటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. ఒళ్లంతా పుప్పొడి అంటుకుంటుంది. ఆడ పూలు విచ్చుకున్నప్పుడూ అదే వాసన వస్తుంది. తిండి దొరుకుతుందనుకుని పురుగులు అక్కడికీ వెళ్తాయి. కానీ అక్కడ వాటికి దొరికేదేమీ ఉండదు. ఉత్త చేతులతో తిరిగి వెళ్తాయి. ఆ కాసేపట్లోనే పుప్పొడి ఆడ పూలకు అంటుకుని పని పూర్తవుతుంది.

కొత్త తోటల్లో మగ పూలు తక్కువగా ఉంటాయి. మగ పూలు లేకపోతే పురుగుకు తిండీ లేదు, పిల్లలు పెట్టే చోటూ లేదు. అలాంటప్పుడు పాత తోటలో పురుగులున్న మగ గెలలను కోసి తెచ్చి కొత్త తోటలో పెడతారు. పూలు విచ్చుకునే వేళ ఇష్టం వచ్చినట్టు పురుగు మందులు కొడితే చచ్చేది ఈ మేలు చేసే పురుగే.

తోటలో మిత్రుడు.. విత్తన క్షేత్రంలో శత్రువు

ఈ కథలో ఒక మలుపు ఉంది. రైతు తోటలో ఇంత మేలు చేసే ముక్కు పురుగే, విత్తనం తయారయ్యే చోట పెద్ద తలనొప్పి.

హైబ్రిడ్ విత్తనం కోసం డ్యూరా చెట్టు ఆడ గెలను విచ్చుకోకముందే సంచితో బిగుతుగా కట్టేస్తారు. సమయం వచ్చాక లోపలికి పిసిఫెరా పుప్పొడి మాత్రమే చల్లుతారు. ఆ సంచికి చిన్న రంధ్రం ఉన్నా, కట్టు కాస్త వదులైనా ముక్కు పురుగు దూరిపోతుంది. దాని ఒంటి మీద ఏ డ్యూరా పుప్పొడో ఉంటే పుట్టే విత్తనం డ్యూరా అవుతుంది. ఎక్కడో సంచి కట్టడంలో జరిగిన పొరపాటు, ఐదేళ్ల తర్వాత ఇంకెక్కడో రైతు తోటలో బయటపడుతుందన్నమాట.

మన దేశంలో ఆయిల్ పామ్ పరిశోధనకు కేంద్రం ఏలూరు దగ్గర్లోని పెదవేగి. అక్కడి భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థకు సొంత విత్తన క్షేత్రాలున్నాయి. దేశం అవసరాలకు అవి చాలక మలేసియా, థాయ్‌లాండ్, కోస్టారికా లాంటి దేశాల నుంచీ మొలకలు దిగుమతి చేసుకుంటున్నారు. కాబట్టి మొక్క ఎక్కడి విత్తనంతో వచ్చింది, ఏ బ్యాచ్‌ది అన్న రికార్డు రైతుకు చాలా ముఖ్యం.

టిష్యూ కల్చర్ మొక్కలకూ ఒక సమస్య ఉంది. మేలైన చెట్టు నుంచి ల్యాబ్‌లో పెంచిన కొన్ని మొక్కలు పెద్దయ్యాక వికృతమైన కాయలు కాస్తాయి. జన్యువు మారకపోయినా, దాని మీదుండే ఒక రసాయన ముద్ర చెరిగిపోవడమే కారణమని 2015లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ ముద్ర చెరిగే చోటుకు వాళ్ల పరిభాషలో ఉన్న పేరు ఏంటో తెలుసా? ‘కర్మ’!

ఈ ఏడాది గెల.. రెండేళ్ల కిందటి ఎండ

ఇక మూడో కారణం నీళ్లు. ఆయిల్ పామ్‌కు ఏడాదంతా సమానంగా పడే వాన కావాలి. ఏటా 2,000 మిల్లీమీటర్ల వాన ఉంటే దానికి హాయి. ఖమ్మం జిల్లాలో పడేది దాదాపు అందులో సగమే. అదీ ఎక్కువగా వానాకాలం నాలుగు నెలల్లోనే. మిగతాది బోర్లు, డ్రిప్ భర్తీ చేయాల్సిందే. కాపు కాసే చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్ల పైనే నీళ్లు కావాలి. ఎకరంలో 57 చెట్లు అనుకుంటే రోజుకు 11 వేల లీటర్లు దాటుతుంది.

నీళ్లు తగ్గితే చెట్టు వెంటనే ఎండిపోదు. అందుకే నష్టం కంటికి కనిపించదు. ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి తయారవుతుంది. అది ఆడా, మగా అన్నది పూత విచ్చుకోవడానికి దాదాపు రెండేళ్ల ముందే చెట్టు లోపల తేలిపోతుంది. ఆ సమయంలో నీటి ఎద్దడి వస్తే చెట్టు మగ గెలల వైపు మొగ్గుతుంది. కాయ మోయడం ఖర్చుతో కూడిన పని కదా! పూత తర్వాత గెల పండటానికి మరో ఐదారు నెలలు పడుతుంది.

అంటే ఈ రోజు రైతు కోస్తున్న గెల భవిష్యత్తు రెండేళ్లకు పైగా వెనక ఉన్న వేసవిలోనే నిర్ణయమైంది. ఇప్పుడు మగ గెలలు ఎక్కువ వస్తున్నాయని ఇప్పటికిప్పుడు మందు కొడితే లాభం ఉండదు. బోరు ఆగిపోయిన ఆ వేసవి దెబ్బ ఇప్పుడు బయటపడుతోంది.

తేడా పట్టడం ఎలా?

మూడు కారణాలకూ మూడు వేర్వేరు గుర్తులున్నాయి.

నీళ్ల సమస్య అయితే తోటంతా ఒకేసారి మగ గెలలు పెరుగుతాయి. నీళ్లు సరిగా అందిన ఏడాది దాటాక, కాస్త ఆలస్యంగానైనా మళ్లీ కోలుకుంటుంది.

పరాగ సంపర్కం సమస్య అయితే ఆడ గెలలు వస్తాయి, కానీ లోపలి వరస కాయలు నిండవు. గింజ లేని చిన్న కాయలు ఎక్కువగా ఉంటాయి. ఇది కూడా ఒక్క చెట్టుకే పరిమితం కాదు.

మొక్కలోనే తేడా ఉంటే అదే చెట్టు ఏటా అలాగే ఉంటుంది. చుట్టూ ఉన్న చెట్లు అవే నీళ్లు, అవే ఎరువులతో బాగా కాస్తుంటే ఇది మాత్రం గెల నిలబెట్టదు, లేదా మందపు పెంకు కాయలే ఇస్తుంది. ఇలాంటి చెట్లు తోటలో అక్కడక్కడా చెదురుగా కనిపిస్తాయి.

కాబట్టి అనుమానం ఉన్న చెట్లకు నంబరు వేసి, ఏ చెట్టుకు ఎన్ని గెలలు వచ్చాయో రాసి పెట్టుకుంటే మంచిది. పండిన కాయను అడ్డంగా కోసి పెంకు చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు, చాకు చాలు. నల్లటి పీచు వలయం ఉంటే టెనెరా. ఆ వలయం లేకుండా పెంకు మందంగా ఉంటే డ్యూరా. మొక్కల రసీదు, బ్యాచ్ వివరాలతో పాటు ఈ లెక్క కూడా చేతిలో ఉంటే పరిశీలనకు వచ్చిన అధికారులకు, శాస్త్రవేత్తలకు చూపించడానికి ఆధారం ఉంటుంది. ఒక్క ఏడాది కాపు చూసి చెట్టు నరికేయడం మాత్రం తొందరపాటే. అది రెండేళ్ల కిందటి ఎండ ప్రభావమూ కావొచ్చు.

కోశాక గడియారం మొదలు

మంచి మొక్క, మంచి నీరు, పురుగు సాయం అన్నీ కుదిరి గెల పండినా పని అయిపోలేదు. గెల నుంచి నాలుగైదు పండ్లు వాటంతట అవే రాలితే కోతకు వచ్చినట్టు లెక్క. పచ్చి గెల కోస్తే నూనె తక్కువ. కోశాక 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలని చెప్పడానికీ కారణం ఉంది. గుజ్జులోనే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గెల కోసిన దగ్గర్నుంచి, ముఖ్యంగా పండు నలిగిన చోట, అది నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. నూనె నాణ్యత పడిపోతుంది. ఫ్యాక్టరీలో గెలలను ముందుగా ఆవిరితో ఉడికించేది ఆ ఎంజైమ్‌ను చంపడానికి, పండ్లు గెల నుంచి తేలిగ్గా ఊడటానికి.

మంచి గెలల బరువులో సుమారు ఐదో వంతు నూనె వస్తుంది. రైతుకిచ్చే టన్ను ధరను లెక్కగట్టేది ఈ నూనె రికవరీ శాతం ఆధారంగానే. ఆ శాతం ఒక్కో రైతుకు విడివిడిగా తీసేది కాదు. కాబట్టి డ్యూరా గెలలు, పచ్చి గెలలు ఎక్కువైతే నష్టం అందరికీ.

వంట నూనెల్లో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం మనది. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా కొనేదీ మనమే. అందుకే కేంద్రం 2021లో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ ఆయిల్ పామ్ మిషన్ తెచ్చింది. తెలంగాణలోని మిగతా జిల్లాల్లోనూ కొత్త తోటలు వస్తున్నాయి. ఆ రైతుల్లో చాలామంది ఈ పంటను మొదటిసారి వేస్తున్నవారే. మొక్క తీసుకునే రోజు అడగాల్సిన ప్రశ్నలు మూడే. విత్తనం ఎక్కడిది? నర్సరీలో ఏరివేత జరిగిందా? తేడా వస్తే ఎవరు బాధ్యులో రసీదులో ఉందా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద తీసుకున్నాకే గుంత తవ్వడం మేలు.